నర్సింగ్ తరగతిలో యాక్టివ్ లెర్నింగ్: విద్యార్థి చేత ముందుగా నిర్ణయం చేయించే పద్ధతి

బెంగళూరులో నేను పాఠం చెప్పే నర్సింగ్ కళాశాలలో ఒకరోజు మధ్యాహ్నం రెండో సంవత్సరం విద్యార్థుల ముందు ఒక ఇన్సులిన్ వయల్‌ను, ఒక సిరంజిని పెట్టాను. వయల్ మీద మిల్లీలీటరుకు 40 యూనిట్లు అని ఉంది. సిరంజి మూత నారింజ రంగుది, అంటే అది 100 యూనిట్ల ఇన్సులిన్‌కు వాడవలసిన సిరంజి. రోగికి 20 యూనిట్లు ఇవ్వాలని చీటీ మీద రాసి, ఒక్కొక్కరినే వచ్చి మందు లాగి చూపించమన్నాను. ఎర్ర మూత 40కి, నారింజ మూత 100కి అని ముందు రోజే నోట్సులో రాసుకున్న పిల్లలు వరసగా వచ్చి, 20 గీత దాకా లాగి, గాలి బుడగను వేలితో తట్టి, ఎంతో శ్రద్ధగా చూపించి వెళ్ళారు. ఆ గీత దగ్గర ఉండేది 0.2 మిల్లీలీటరు, అందులో ఉండేది 8 యూనిట్లే. అదే తారుమారై, 100 యూనిట్ల ఇన్సులిన్‌ను ఎర్ర మూత సిరంజిలో 20 గీత దాకా లాగితే రోగి ఒంట్లోకి 50 యూనిట్లు వెళతాయి.

వాళ్ళ నోట్సులో తప్పు లేదు, నేను చెప్పిన పాఠంలోనూ తప్పు లేదు. సిరంజిని చూసి "ఇది కాదు, వేరేది కావాలి" అని చెప్పవలసిన సందర్భాన్ని మాత్రం నేను వాళ్ళకు అంతవరకు ఒక్కసారి కూడా కల్పించలేదు. ఆంధ్ర, తెలంగాణల నుంచి వచ్చి బెంగళూరు కళాశాలల్లో ట్యూటర్లుగా, క్లినికల్ ఇన్‌స్ట్రక్టర్లుగా పనిచేస్తున్న వారి కోసం, ఆ సందర్భాన్ని తరగతిలోనూ, స్కిల్ ల్యాబ్‌లోనూ (బొమ్మల మీద, పరికరాలతో పనులు సాధన చేసే గదిలో), వార్డులోనూ ఎలా కల్పించాలో ఈ మార్గదర్శిలో వివరిస్తున్నాను.

ముందుగా: ఏది యాక్టివ్ లెర్నింగ్, ఏది కాదు

విద్యార్థులు లేచి తిరిగితేనో, ఆటలు ఆడితేనో, చార్టులు అతికిస్తేనో అది యాక్టివ్ లెర్నింగ్ అయిపోదు. సమాధానం టీచరు నోటి నుంచి రాకముందే విద్యార్థి తనంతట తానుగా ఒక నిర్ణయానికి రావడం, దానిని కాగితం మీదనో చేతితోనో బయటపెట్టడం, అది సరైనదో కాదో, ఎందుకో అక్కడికక్కడే తెలుసుకోవడం అనే మూడూ జరిగితే, అందరూ బెంచీల్లో కదలకుండా కూర్చుని ఉన్నా అది యాక్టివ్ లెర్నింగే. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లోపించినా, తరగతి ఎంత సందడిగా ఉన్నా, అది ఉపన్యాసానికి మరో రూపమే అవుతుంది.

దీనికి ఆధారం లేకపోలేదు. అమెరికా జాతీయ సైన్స్ అకాడమీ పత్రికలో 2014లో వెలువడిన ఒక విశ్లేషణ 225 అధ్యయనాలను కలిపి పరిశీలించింది. కేవలం ఉపన్యాసం విన్న తరగతుల్లో సగటున 33.8 శాతం మంది పరీక్ష తప్పగా, యాక్టివ్ లెర్నింగ్ ఉన్న తరగతుల్లో తప్పినవారు 21.8 శాతం. అవి సైన్స్, ఇంజినీరింగ్, గణితం కోర్సులకు సంబంధించిన లెక్కలు. నర్సింగ్‌కు వాటిని అంకెకు అంకె అన్వయించకూడదు కానీ, మందు మోతాదు లెక్కించడం, లక్షణాలను బట్టి కారణాన్ని ఊహించడం వంటి మన పనులు ఆ కోర్సుల్లోని ఆలోచనకు దూరమైనవేమీ కావు.

మొదలుపెట్టే ముందే తెలుసుకోవలసిన మరో సంగతి ఉంది. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్ర విద్యార్థులపై చేసిన ఒక అధ్యయనం 2019లో వెలువడింది. యాక్టివ్ తరగతిలో కూర్చున్నవారు పరీక్షలో ఎక్కువ నేర్చుకున్నట్టు తేలినా, తమకు మాత్రం తక్కువ నేర్చుకున్నట్టు అనిపించిందని వాళ్ళు చెప్పారు. ధారాళంగా సాగే ఉపన్యాసం వింటున్నప్పుడు అంతా అర్థమైపోతున్నట్టే ఉంటుంది, తనంతట తాను తడుముకునేటప్పుడు ఏమీ రానట్టే ఉంటుంది. కాబట్టి మొదటి నెలలో ఫీడ్‌బ్యాక్ ఫారాల్లో "మేడమ్ పాఠం చెప్పడం లేదు, మమ్మల్నే చెప్పమంటున్నారు" అని వస్తే కంగారు పడకండి. ఈ అధ్యయనం సంగతిని మొదటి తరగతిలోనే విద్యార్థులకు రెండు మాటల్లో చెప్పి ఉంచితే ఆ ఫిర్యాదు చాలావరకు తగ్గుతుంది.

మొదటి మెట్టు: మార్చవలసిన గంటను ఎంచుకోవడం

సిలబస్ మొత్తాన్ని ఒకేసారి మార్చబూనితే నెల తిరగకుండానే చేతులెత్తేస్తాం. భారత నర్సింగ్ మండలి బీఎస్సీ నర్సింగ్‌కు తెచ్చిన సవరించిన పాఠ్యప్రణాళిక ఎనిమిది సెమిస్టర్లుగా, క్రెడిట్ల లెక్కన, విద్యార్థి ఏమి చేయగలగాలన్న దాన్ని ఆధారం చేసుకుని నడుస్తుంది. అందువల్ల మీరు చేసే మార్పుకు కాగితం మీద అనుమతి ఇప్పటికే ఉంది. అయినా సిలబస్‌లోని ఒక యూనిట్‌లో ఒకటి రెండు గంటలకు మించి మార్చవద్దని నా సలహా.

ఆ గంటలు ఏవి? మంచం పక్కన పొరపాటు జరిగితే రోగికి హాని కలిగే అంశాలు ఏవో అవి. ఎముకల పేర్లు, నర్సింగ్ చరిత్ర, నిర్వచనాలు ఉపన్యాసంగానే చెప్పుకోవచ్చు, కొన్నింటిని చదువుకోమని వదిలేయవచ్చు. ఇన్సులిన్, పొటాషియం క్లోరైడ్, మెగ్నీషియం సల్ఫేట్, రక్తమార్పిడి, ప్రసవానంతర రక్తస్రావం, ఆక్సిజన్, ఊపిరి అందని రోగిని అంచనా వేయడం వంటివి మాత్రం ఉపన్యాసానికి వదలకూడదు. జార్జ్ మిల్లర్ 1990లో వైద్యవిద్య కోసం గీసిన పిరమిడ్‌లో నాలుగు అంతస్తులు ఉన్నాయి: తెలుసు, ఎలాగో తెలుసు, చేసి చూపగలను, నిజంగా చేస్తాను. మన ప్రశ్నపత్రాలు ఎక్కువగా మొదటి అంతస్తులోనే తిరుగుతుంటే, రోగికి కావలసింది నాలుగో అంతస్తులో ఉంటుంది. లెసన్ ప్లాన్ పైన ఒక్క వాక్యం రాసుకోండి: "ఈ గంట అయ్యాక విద్యార్థి వార్డులో ఏ నిర్ణయం తీసుకోగలగాలి?" ఆ వాక్యం రాయలేకపోతే ఆ గంటను మార్చనవసరం లేదు.

రెండో మెట్టు: ముందుగా చదివించడం

ఇది చిన్న మెట్టే కానీ చాలామంది ఇక్కడే జారుతారు. ఉదయం ఏడింటికి పోస్టింగుకు (ఆసుపత్రి వార్డులో శిక్షణకు) వెళ్ళి, మధ్యాహ్నం ట్రాఫిక్‌లో కళాశాల బస్సులో కునికిపాట్లు పడుతూ తిరిగి వచ్చిన అమ్మాయిని అధ్యాయం మొత్తం చదువుకొని రమ్మంటే ఆమె చదవదు, చదివానని మాత్రం అంటుంది. రెండు పేజీలు మించకుండా, పదిహేను నిమిషాల్లో అయిపోయేటట్టు, ముందు రోజు సాయంత్రం బ్యాచ్ వాట్సాప్ గుంపులో పంపండి. కింద రెండే ప్రశ్నలు ఇవ్వండి. తరగతి మొదట్లో ఆ రెంటికీ జవాబులు చిన్న చీటీ మీద రాయించండి. మార్కులు అక్కర్లేదు, పేరు ఉంటే చాలు.

తెలుగు మాధ్యమంలో ఇంటర్ చదివి, మదనపల్లె నుంచో కదిరి నుంచో వచ్చిన పిల్లలకు మొదటి రెండు సెమిస్టర్లలో ఆ పేజీల పక్కన కష్టమైన ఇంగ్లీషు మాటలకు తెలుగు అర్థాలు రాసి ఇవ్వడంలో తప్పేమీ లేదు. ఇది వాళ్ళను పాడుచేయడమని వాదించే సహోద్యోగులు ఉంటారు. అర్థం కాని పేజీని బట్టీ పట్టించడం కంటే ఇది ఎంతో నయమని నా అభిప్రాయం.

మూడో మెట్టు: ప్రశ్న రాయడం

మొత్తం పనిలో కష్టమంతా ఇక్కడే ఉంది కాబట్టి ఎక్కువసేపు దీని దగ్గర ఆగుతాను. తరగతిని నడిపే నేర్పు నాలుగు వారాల్లో వస్తుంది, మంచి ప్రశ్న రాయడం మాత్రం ఏళ్ళ తరబడి పదునెక్కుతూ ఉంటుంది.

"మెగ్నీషియం సల్ఫేట్ విషప్రభావ లక్షణాలు రాయండి" అనేది జ్ఞాపకశక్తికి పెట్టే పరీక్ష. అదే విషయాన్ని నిర్ణయంగా మార్చి చూద్దాం. తీవ్రమైన ప్రీఎక్లాంప్సియాతో (గర్భిణుల్లో రక్తపోటు ప్రమాదకరంగా పెరిగే స్థితితో) చేరిన 22 ఏళ్ళ గర్భిణికి నాలుగు గంటలకొకసారి మూర్ఛలు రాకుండా కండరానికి 5 గ్రాముల చొప్పున మెగ్నీషియం సల్ఫేట్ ఇస్తున్నారు. తరువాతి మోతాదు మధ్యాహ్నం రెండింటికి. మీరు ఒంటి గంట యాభైకి చూసినప్పుడు శ్వాస నిమిషానికి 18, మోకాలి ప్రతిచర్య (మోకాలి కింద తడితే కాలు ఎగరడం) ఉంది, గత నాలుగు గంటల్లో మూత్రం 100 మిల్లీలీటర్లు వచ్చింది. డ్యూటీ డాక్టరు ఆపరేషన్ థియేటర్‌లో ఉన్నారు. మోతాదు ఇస్తారా?

ఇందులోని మెలికను గమనించండి. మూడింటిలో రెండు బాగున్నాయి. శ్వాస 16 కంటే ఎక్కువే, మోకాలు కదులుతోంది. మూత్రం వంద అని వినగానే చెవికి తక్కువేమీ అనిపించదు. నాలుగుతో భాగిస్తే గంటకు 25 మిల్లీలీటర్లని తేలుతుంది, ఉండవలసినది కనీసం 30. మెగ్నీషియం బయటకు పోయేది మూత్రపిండాల ద్వారానే గనుక, ఇంకా ఏ లక్షణమూ కనబడకపోయినా, ఇప్పుడు ఇచ్చే 5 గ్రాములు లోపలే పేరుకుపోయే ప్రమాదం ఉంది. మూడు షరతుల్లో ఏ ఒక్కటి తప్పినా మోతాదు ఆపి, డాక్టరుకు తెలియజేయాలి. నేను ఈ ప్రశ్న వేసిన ప్రతిసారీ తరగతి రెండుగా చీలుతుంది, "రెండు నార్మల్ కదా మేడమ్, ఇవ్వొచ్చు" అనే పక్షమే మొదట్లో పెద్దదిగా ఉంటుంది. అలా చీలాలనే ఆ అంకెలను ఎంచుకున్నాను. మొదటి ప్రయత్నంలో నేను శ్వాస 10, ప్రతిచర్య లేదు, మూత్రం లేదు అని రాశాను. అందరూ ఒకే గొంతుతో "ఆపాలి" అన్నారు, ఎవరికీ కొత్తగా ఏమీ తెలియలేదు.

ప్రశ్నను అక్కడితో ఆపకుండా రెండో మలుపు కూడా సిద్ధం చేసుకోవాలి. పదినిమిషాలు గడిచాయి, ఎవరో మోతాదు ఇచ్చేశారని తెలిసింది, ఇప్పుడు శ్వాస 9కి పడిపోయింది, పిలిస్తే మత్తుగా పలుకుతోంది. మొదట ఏమి చేస్తారు, ఎవరిని పిలుస్తారు, ట్రాలీలో ఏమి వెతుకుతారు? విరుగుడుగా కాల్షియం గ్లూకోనేట్ 1 గ్రాము, అంటే 10 శాతం ద్రావణం 10 మిల్లీలీటర్లు, నరం ద్వారా నెమ్మదిగా ఇస్తారని చదివిన అమ్మాయికి, డాక్టరు వచ్చేలోగా ఊపిరిని నిలబెట్టే పని తనదేనని ఈ మలుపులోనే తెలుస్తుంది.

తప్పు ఎంపికలను రాసేటప్పుడు ఒక నియమం పాటించండి: అవి పుస్తకంలో వెతికి పెట్టినవి కాకుండా, వార్డులో నిజంగా జరిగినవై ఉండాలి. "సిస్టర్ చెప్పింది కాబట్టి ఇస్తాను" అనేది చాలా మంచి తప్పు ఎంపిక, ఎందుకంటే అది ఎవరికీ పరాయిది కాదు.

నాలుగో మెట్టు: తరగతి గంటను నడపడం

బెంగళూరు కళాశాలల్లో ఒక బ్యాచ్‌కు అరవై నుంచి వంద మంది దాకా ఉంటారు, బెంచీలు చాలాచోట్ల కదలవు. ఈ రెండూ అడ్డంకులని మొదట్లో నేను కూడా అనుకున్నాను.

నా తొలి గ్రూప్ డిస్కషన్ ఎలా సాగిందో చెబితే మీకు కొంత శ్రమ తప్పుతుంది. అప్పట్లో వేరే కళాశాలలో ఉన్నాను. తరగతిని పదేసి మందిగా విడగొట్టి, ఒక్కో గుంపుకు ఒక చార్టు, స్కెచ్ పెన్నులు ఇచ్చి, డీహైడ్రేషన్ మీద చర్చించమన్నాను. ప్రతి గుంపులోనూ ఒకరు మాట్లాడారు, ఒకరు అందంగా రాశారు, ఒకరు అంచులకు పూలు గీశారు, మిగతా ఏడుగురు చూస్తూ కూర్చున్నారు. చార్టులు గోడకెక్కాయి, చూడవచ్చిన పెద్దలు మెచ్చుకున్నారు. తరువాతి వారం విరేచనాలతో వడలిపోయిన పిల్లాడిని ఎలా అంచనా వేస్తారని అడిగితే, చర్మాన్ని చిటికెతో పట్టి వదిలి చూడాలన్న సంగతి ఆ పూలు గీసిన అమ్మాయికి తప్ప ఎవరికీ గుర్తు లేదు. ఆమెకు గుర్తుండటానికి కారణం ఆమె ఇంట్లో తమ్ముడికి అలా జరగడమే. నాటి నుంచి నా తరగతిలోకి చార్టు రాలేదు.

ఇప్పుడు నేను పాటించే క్రమం ఇది. ప్రశ్నను బోర్డు మీద చూపించి, రెండు నిమిషాలు ఎవరూ నోరు విప్పకుండా ఎవరి జవాబు వారు రాసుకోవాలని చెబుతాను. ఈ మౌనం చాలా విలువైనది, దీనిని దాటవేయకండి. రాయకముందే మాట్లాడనిస్తే, గట్టిగా మాట్లాడే ఇద్దరి జవాబే అరవై మంది జవాబు అయిపోతుంది. తరువాత, ఒక్కో ఎంపికకు ఒక్కో రంగు చొప్పున, నాలుగు రంగుల కార్డులతో ఒకేసారి చేతులెత్తిస్తాను. కార్డు ఛాతీకి ఆనించి పట్టుకుంటే పక్కవారికి కనబడదు, నాకు మాత్రం కనబడుతుంది. ఎరిక్ మజూర్ 1991లో హార్వర్డ్ భౌతికశాస్త్ర తరగతుల్లో ప్రవేశపెట్టిన పద్ధతి దీనికి మూలం. సరైన జవాబు ఎంచుకున్నవారు సుమారు 30 నుంచి 70 శాతం మధ్య ఉంటేనే పక్కవారితో చర్చకు వదలాలని ఆ పద్ధతి చెబుతుంది. అంతకంటే తక్కువైతే విషయం మళ్ళీ చెప్పవలసిందే, ఎక్కువైతే రెండు మాటల్లో ముగించి ముందుకు వెళ్ళవచ్చు.

చర్చకు ఇద్దరు చాలు, నలుగురికి మించకూడదు. బేసి వరుసల వారు వెనక్కి తిరిగి కూర్చుంటే బెంచీ కదిలించకుండానే నలుగురి గుంపు ఏర్పడుతుంది. "పక్కవారిని ఒప్పించండి" అని చెప్పండి, "చర్చించండి" అని చెప్పకండి. మొదటి మాటకు వాదన పుడుతుంది, రెండో మాటకు కబుర్లు పుడతాయి. నాలుగు నిమిషాల తర్వాత మళ్ళీ కార్డులు. ఆ తరువాతే కారణం చెప్పాలి, అదీ తప్పు జవాబుతో మొదలుపెట్టి. "ఇవ్వొచ్చు అన్నవారు ఏమని ఆలోచించారు?" అని అడిగి, ఆ ఆలోచనలోని మంచిని ముందు ఒప్పుకున్నాకే లోపాన్ని చూపాలి. తప్పు చెప్పిన అమ్మాయిని ఒక్కసారి నవ్వులపాలు చేస్తే ఆ సెమిస్టర్ అంతా ఆమె కార్డు పక్కవారి కార్డును చూశాకే లేస్తుంది.

భాష గురించి ఒక మాట. గుంపులో మాట్లాడుకునేటప్పుడు తెలుగు, కన్నడం, మలయాళం, ఏది వస్తే అది మాట్లాడుకోనివ్వండి. తరగతికి చెప్పేటప్పుడు మాత్రం ఇంగ్లీషులో చెప్పించండి. ఆలోచన సొంత భాషలో వేగంగా నడుస్తుంది, చార్టింగ్‌కూ పరీక్షకూ ఇంగ్లీషు కావాలి, రెండూ తీరుతాయి. అయితే తెలుగువాళ్ళందరూ ఒకే మూల చేరకుండా జంటలను మీరే కలపండి, దాని ప్రయోజనం వార్డులో తెలుస్తుంది.

ఇలా ఒక ప్రశ్నకు సుమారు ఇరవై నిమిషాలు పడుతుంది. గంటలో రెండు ప్రశ్నలు, మధ్యలో పది నిమిషాల చిన్న ఉపన్యాసం పట్టించవచ్చు. మూడో ప్రశ్న ఇరికించాలన్న ఆశ నాకూ కలుగుతుంది. దానికి లొంగిన ప్రతిసారీ కారణాలు చెప్పే సమయమే తగ్గిపోయింది.

ఐదో మెట్టు: స్కిల్ ల్యాబ్

మనకు అలవాటైన పద్ధతిలో టీచరు చేసి చూపిస్తారు, విద్యార్థి అదే తిరిగి చేస్తుంది. చేతులు కదులుతున్నాయి కదా, ఇదే యాక్టివ్ అనుకుంటాం. కానీ చూసింది చూసినట్టు చేయడంలో నిర్ణయం ఎక్కడా లేదు. ఒక చిన్న మార్పు చేసి చూడండి: ప్రొసీజర్‌ను మీరు చేసి చూపేటప్పుడు కావాలని మూడు తప్పులు చేయండి, చెక్‌లిస్టు చేతిలో పెట్టుకుని వాటిని పట్టుకోమనండి. మందు ఇచ్చే ముందు రోగి పేరు అడగకుండా మంచం నంబరు చూసి సరిపెట్టడం నేను తప్పకుండా చేసే తప్పు; దానిని పట్టుకునేవారు ఎప్పుడూ తక్కువే, ఎందుకంటే వార్డులో అలాగే జరగడం చూస్తుంటారు.

తరువాత ముగ్గురేసి విద్యార్థులను కలపండి. ఒకరు చేస్తారు, ఒకరు రోగి, ఒకరు చూసి రాస్తారు. ముగ్గురూ వంతులు మారాలి. రోగి పాత్ర వేసిన వారికి చల్లని స్టెతస్కోప్ ఎలా ఉంటుందో, చెప్పకుండా దుప్పటి లాగితే ఎలా ఉంటుందో ఒంటికి తెలుస్తుంది.

డ్రిప్ లెక్కను ఉదాహరణగా తీసుకుందాం. 1000 మిల్లీలీటర్ల సెలైన్ 8 గంటల్లో వెళ్ళాలి. మిల్లీలీటరుకు 20 చుక్కల సెట్ అయితే వెయ్యిని ఇరవైతో హెచ్చవేసి 480 నిమిషాలతో భాగిస్తే నిమిషానికి దాదాపు 42 చుక్కలు. 15 చుక్కల సెట్ అయితే 31. కాగితం మీద ఇది ఎవరైనా చేస్తారు. నేను రెండు రకాల సెట్లూ కలిపి టేబుల్ మీద పెట్టి, కవర్ మీద చూసి ఎంచుకోమని, స్టాండుకు తగిలించి, రోలర్ క్లాంపును తిప్పుతూ వాచీ చూసి చుక్కలు లెక్కపెట్టమంటాను. కవర్ చదవకుండా 42 పెట్టినవారు కొందరు ఉంటారు. వారి బాటిల్ ఎన్ని గంటలకు ఖాళీ అవుతుందో వారి చేతనే లెక్క వేయిస్తే, 15 చుక్కల సెట్‌లో ఆరు గంటలకే అయిపోతుందని తేలుతుంది. గుండె జబ్బు ఉన్న వృద్ధుడికి ఆ రెండు గంటల తేడా ఏమి చేస్తుందన్నదే తరువాతి ప్రశ్న.

ఖరీదైన సిమ్యులేటర్ లేదని ఆగిపోనవసరం లేదు. ఛాతీ మీద నొక్కడం నేర్పడానికి నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 సెంటీమీటర్లు తగ్గకుండా, 30 నొక్కులకు 2 ఊపిరులు అన్నవి సాధారణ బొమ్మ మీదా కుదురుతాయి. అయితే బొమ్మ పక్కన నిలబడి మీరు "ఊపిరి ఆగిపోయింది" అని ప్రకటించకండి. ఊపిరి ఉందో లేదో విద్యార్థే చూసి చెప్పాలి.

ల్యాబ్‌లో ఇలా అభినయించిన దృశ్యం ముగిశాక జరిగే సంభాషణకు దృశ్యం కంటే ఎక్కువ సమయం కేటాయించాలి. ఐదు నిమిషాలు నడిస్తే కనీసం పది నిమిషాలు కూర్చుని మాట్లాడుకోవాలి. మూడే ప్రశ్నలు అడుగుతాను: ఏమి చూశావు, చూసి ఏమనుకున్నావు, అనుకుని ఏమి చేశావు? తప్పు చేతిలో కాక చూపులోనో అంచనాలోనో ఉందని చాలాసార్లు విద్యార్థే కనిపెడుతుంది. "బాగా చేశావు" అని ముందే అంటే ఆ వెతుకులాట ఆగిపోతుంది.

ఆరో మెట్టు: వార్డు

బెంగళూరు వార్డులో తెలుగు విద్యార్థికి రెండు పనులు ఒకేసారి పడతాయి. రోగిని అర్థం చేసుకోవాలి, రోగి భాషనూ అర్థం చేసుకోవాలి. కన్నడం తెలుగుకు దగ్గరి భాష కావడం ఒక సౌకర్యం, అదే ఒక ప్రమాదం కూడా. హొట్టె అంటే పొట్ట, నోవు అంటే నొప్పి, ఇవి వినగానే తెలిసిపోతాయి. కానీ మధుమేహంతో ఉన్న ఒక పెద్దాయన "తుంబా సుస్తు" అన్నప్పుడు మా విద్యార్థిని ఒకరు దానిని మన సుస్తీగా, అంటే ఒంట్లో బాగాలేదని విని, డాక్టరు రౌండుకు వచ్చినప్పుడు చెబుదామని ఊరుకుంది. కన్నడంలో సుస్తు అంటే నీరసం. పొద్దున ఇన్సులిన్ తీసుకుని టిఫిన్ సరిగా తినని మనిషి నీరసం అంటే వెంటనే రక్తంలో గ్లూకోజు చూడాలి. అది డెసిలీటరుకు 70 మిల్లీగ్రాముల కంటే తక్కువగా ఉండి మనిషి మింగగలిగితే 15 గ్రాముల చక్కెర ఇచ్చి, 15 నిమిషాలకు మళ్ళీ పరీక్షించాలి. పక్కన ఉన్న కన్నడ విద్యార్థిని మాట పట్టుకోబట్టి ఆ రోజు సమయానికే చూశాం. జంటలను కలపండని పైన చెప్పింది ఇందుకే.

ఇప్పుడు పోస్టింగుకు ముందు వారం రోగులు తమ బాధలు చెప్పుకునే కన్నడాన్ని అభినయంతో నేర్పిస్తున్నాను. కన్నడ విద్యార్థిని రోగిగా కూర్చుంటుంది, తెలుగు, మలయాళీ విద్యార్థులు ఐదు ప్రశ్నల్లో బాధ ఏమిటో రాబట్టాలి. ఒక గంట చాలు.

వార్డులో రోజూ రెండు చిన్న సమావేశాలు ఉండాలి. ఉదయం పది నిమిషాల్లో ఒక్కొక్కరికీ తన రోగి గురించి ఒకే ప్రశ్న ఇచ్చి పంపండి: "ఈ రోజు ఈ రోగికి జరగగల అతి పెద్ద ప్రమాదం ఏది, దాని తొలి గుర్తు ఏమిటి?" పోస్టింగు చివర దానికి జవాబు వినండి. కేర్ ప్లాన్‌ను సీనియర్ల ఫైలు నుంచి దించి రాసే అలవాటు మీకూ తెలిసిందే. ఈ ప్రశ్నకు జవాబు మాత్రం ఆ ఫైలులో దొరకదు.

డాక్టరుకు ఫోన్ చేయడాన్ని కూడా నేర్పించాలి. ఎస్‌బార్ (SBAR) పద్ధతిలో నాలుగు భాగాలు ఉంటాయి: ఇప్పుడు ఏమి జరుగుతోంది, రోగి పూర్వాపరం, నా అంచనా, నాకు ఏమి కావాలి. మన పిల్లలు మూడో భాగం దగ్గర ఆగిపోతారు. "నా అంచనా" అనడానికి వారికి నోరు రాదు, ఇంట్లోనూ బడిలోనూ పెద్దల ముందు అంచనా చెప్పడం అలవాటు లేదు కాబట్టి. మెగ్నీషియం కేసునే తీసుకుని, ఒకరు డాక్టరుగా విసుక్కుంటూ, ఒకరు నర్సుగా ఆ నాలుగు వాక్యాలూ పూర్తిచేసేదాకా సాధన చేయించండి.

అనంతపురం, చిత్తూరు, కర్నూలు వైపు నుంచి బెంగళూరు ఆసుపత్రులకు వచ్చే రోగులు చాలామంది. వాళ్ళకు తెలుగు విద్యార్థిని కనబడితే ప్రాణం లేచి వస్తుంది, వార్డు సిబ్బందికి ఉచిత దుబాసీ దొరుకుతుంది. ఒక పోస్టింగులో మా అమ్మాయిలు వారం రోజులు కౌంటర్ల మధ్య అనువాదాలకే తిరిగారు, లాగ్‌బుక్‌లో ఒక్క ప్రొసీజర్ పడలేదు. అప్పటి నుంచి అనువాదానికి పిలిస్తే పంపుతాను కానీ, ఆ రోగి ఆరోగ్య చరిత్రను పూర్తిగా తీసుకుని రావాలన్న షరతుతో పంపుతాను.

ఏడో మెట్టు: పరీక్షను మార్చడం

ఇంటర్నల్స్‌లో "జాబితా రాయండి" అన్న ప్రశ్నలే వస్తే పైన చెప్పిన శ్రమ అంతా వృథా. విద్యార్థులు మార్కులు ఎక్కడుంటే అక్కడికే వెళతారు. విశ్వవిద్యాలయ పరీక్ష మన చేతిలో లేకపోయినా ఇంటర్నల్స్ మన చేతిలో ఉన్నాయి. ప్రతి పేపర్లోనూ మూడో మెట్టులో చెప్పినటువంటి నిర్ణయ ప్రశ్న ఒకటైనా పెట్టండి. ప్రాక్టికల్‌కు ఓస్కీ (OSCE) అనే పరీక్షా పద్ధతి ఉంది. రొనాల్డ్ హార్డెన్ 1975లో స్కాట్లండ్‌లోని డండీలో దీనిని పరిచయం చేశారు. విద్యార్థి ఒక స్టేషన్ నుంచి ఇంకొక స్టేషన్‌కు గంట కొట్టినప్పుడల్లా కదులుతూ, ప్రతిచోటా ఒక చిన్న పని చేస్తుంది, పరీక్షకుడు చెక్‌లిస్టు మీద గుర్తు పెడతాడు. పన్నెండు స్టేషన్లు పెట్టలేకపోతే నాలుగు పెట్టండి. నారింజ మూత సిరంజి, 40 యూనిట్ల వయల్ అందులో ఒక స్టేషన్‌గా ఉండనివ్వండి.

మార్కులు లేని పరీక్ష కూడా ఒకటి కావాలి. ప్రతి తరగతి మొదట్లో పోయిన వారం పాఠం నుంచి మూడు ప్రశ్నలు, పుస్తకం మూసి. చదివినదాన్ని మళ్ళీ మళ్ళీ చదివినవారి కంటే, గుర్తు తెచ్చుకుని రాసే ప్రయత్నం చేసినవారికి వారం తర్వాత ఎక్కువ నిలిచిందని రోడిగర్, కార్పికీ 2006లో చూపించారు. దీనికి ఐదు నిమిషాలు ఖర్చవుతుంది.

ఎదురయ్యే అడ్డంకులు

సిలబస్ పూర్తికాదన్న భయం నిజమైనదే. అందుకే గంటలను ఎంచుకోమన్నాను. శబ్దం ఎక్కువని పక్క తరగతి టీచరు ఫిర్యాదు చేస్తే చర్చ సమయాన్ని ముందే చెప్పి ఉంచండి. అసలు మాట్లాడని విద్యార్థుల విషయంలో తొందర వద్దు. కార్డు ఎత్తుతున్నంతకాలం వారు ఆలోచిస్తున్నట్టే లెక్క.

గంట అయ్యాక చేయవలసినది

ప్రతి ప్రశ్నకూ ఒక పాత నోట్‌బుక్‌లో ఒక పేజీ కేటాయించండి. తరగతి అయిన రోజే, స్టాఫ్ రూములో టీ తాగేలోపు, మొదటి ఓటింగ్‌లో ఏ రంగు కార్డులు ఎన్ని లేచాయో, రెండోసారి ఎన్ని మారాయో, తప్పు చెప్పినవారు ఏ కారణం చెప్పారో వారి మాటల్లోనే రాసుకోండి. నా నోట్‌బుక్‌లో ఇన్సులిన్ పేజీలో "గీత 20 కదా మేడమ్, యూనిట్ 20 కదా" అన్న వాక్యం వరసగా మూడు బ్యాచ్‌ల తేదీల కింద ఉంది. కొత్త బ్యాచ్‌కు ప్రశ్న రాసేటప్పుడు తప్పు ఎంపికగా ఆ వాక్యాన్నే, ఒక్క అక్షరం మార్చకుండా పెడుతున్నాను.